క్లోస్ అన్నారో, క్లోజ్ అన్నారో

పోయిన నెల బాగేపల్లి సంతరోజున, బడి వదిలే వేళకు, చింతామణి నుంచి వచ్చిన వేరుశనగ వ్యాపారి ఒకాయన మా బడి గేటు బయట నిలబడి నన్ను పిలిపించాడు.

"అమ్మా, చింతామణిలో మీకు దగ్గరోళ్ళు ఎవరో పోయినారంట. పొద్దున పేటలో అనుకుంటాండారు. మీకు తెలిసిందో లేదో, చెప్పిపోదామని వచ్చినా" అన్నాడు.

"ఎవరప్పా?" అని అడిగాను.

ఆయన తల గీరుకున్నాడు. "అది సరిగ్గా ఇన్లేదమ్మా. మీ అత్తగారింట్లో అని మాత్రం విన్నా."

అత్తగారింట్లో నాకు దగ్గరివాళ్ళు ముగ్గురే. చింతామణిలో ఉండే అత్తగారు, మామగారు. బొంబాయిలో ఉండే నా భర్త. ఆ ముగ్గురిలో పోయింది ఎవరో తెలియకుండానే దొరికిన బస్సెక్కి కూర్చున్నాను. మామగారు కాకూడదు అనుకున్నాను. అనుకున్న మరుక్షణమే, అట్లా అనుకోవడమంటే మిగిలిన ఇద్దరిలో ఒకరు పోయి ఉండాలని కోరుకోవడమే కదా అని తట్టి భయం వేసింది. ఏడుపు వస్తున్నది, కానీ ఎవరికోసం ఏడవాలో తెలియడం లేదు. పక్కన కూర్చున్న ముసలామె "ఎవరమ్మా పోయింది?" అని అడిగితే, "తెలియదు" అన్నాను. ఆమె నా వంక అదోరకంగా చూసి మూట ఇటునుంచి అటు జరుపుకుంది.

పోయింది మామగారే. వీధిలో నిలబడిన మగవాళ్ళను చూడగానే నాకు అర్థమయింది. వాళ్ళందరూ ఏదో ఒక కాలంలో ఆయన దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళే.

ఆయన్ను గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చుంటే ఏమని మొదలుపెట్టాలో తోచడం లేదు. మామగారు అని రాస్తే సగమే నిజం. గురువుగారు అని రాస్తే అత్తగారు నవ్వుతారు. ఇల్లు విడిచిపోయిన భర్త తండ్రి ఒక ఆడదానికి ఏమవుతాడో చెప్పే మాట నాకు తెలుగులోనూ తెలియదు, కన్నడలోనూ తెలియదు. ఆయన నేర్పిన ఇంగ్లీషులో ఉందేమోనని వెతికాను. అక్కడా దొరకలేదు.

నేను గూళూరు పిల్లను. మా నాయన అక్కడి గుడిలో అర్చకులు. నాకు పెళ్ళయి చింతామణికి వచ్చేనాటికి మామగారు చిక్కబళ్ళాపురం హైస్కూల్లో ఉద్యోగం ముగించుకుని, చింతామణిలో ఇల్లు కట్టుకుని, బట్లహళ్ళిలో ఉన్న కాస్త భూమి చూసుకుంటూ ఉండేవారు. నా భర్త బొంబాయిలో ఒక కంపెనీ ఆఫీసులో పని. పెళ్ళయిన వారానికే వెళ్ళిపోయారు. ఇల్లు చూసి పిలిపించుకుంటానన్నారు. మొదటి సంవత్సరం ఇల్లు దొరకలేదు. రెండో సంవత్సరం ఇల్లు దొరికింది గానీ, ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ ఇంగ్లీషు మాట్లాడతారని, నేను అక్కడ ఇమడలేనని చెప్పి పంపారు.

ఆ మాట విన్న రోజున మామగారు అన్నం కలుపుకుంటూ, అత్తగారి వైపు తిరిగి, "ఆ అమ్మాయికి చెప్పు. రేపటినుంచి పాఠం ఉండాది" అన్నారు.

నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. మా ఇళ్ళల్లో కోడలు మామగారి ఎదుట నిలబడటం అప్పట్లో లేదు. ఆయన నాతో నేరుగా మాట్లాడటం కూడా లేదు. అందుకని పాఠం ఇట్లా జరిగేది. మామగారు ముందరి పడసాలలో వాలుకుర్చీలో. నేను వంటింటి తలుపు వెనక. మధ్య గడప మీద చేట పెట్టుకుని అత్తగారు. మామగారు అత్తగారితో చెప్తారు. అత్తగారు నాతో చెప్తుంది. నా జవాబు మళ్ళీ అత్తగారి మీదుగా ఆయనకు చేరుతుంది.

"దగ్గర అనేదానికి ఇంగ్లీషులో క్లోస్ అంటారని చెప్పు."

"కుళోసు అంటే దగ్గరంట" అనేది అత్తగారు, రాళ్ళేరుతూ.

"తలుపు మూయడాన్ని క్లోజ్ అంటారని చెప్పు."

"తలుపు మూసేది కూడా కుళోసేనంట."

"ఒకటే కాదే. అది వేరే, ఇది వేరే."

"నాకు రెండూ ఒకటే మాదిరి ఇనబడతాండాయి. నీకెట్ల ఉండాదమ్మా?" అని ఆమె నా వైపు తిరిగేది.

నాకూ ఒకటే మాదిరి వినబడేది. దగ్గర అనే మాటతోనే తలుపు కూడా ఎట్లా మూస్తారో నాకు ఎంతకీ అర్థం కాలేదు. తెల్లవాళ్ళు "దగ్గరికి రా" అంటున్నారో, "తలుపెయ్యి" అంటున్నారో వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకు ఎట్లా తెలుస్తుందో అనుకునేదాన్ని.

చివరికి మామగారు ఒక ఉపాయం చెప్పారు. "గొంతు మీద వేలు పెట్టుకోమను. క్లోస్ అంటే దగ్గర. అప్పుడు గొంతు కదలదు, గాలి మాత్రం పోతాది, పాము బుస మాదిరి. క్లోజ్ అంటే మూయడం. అప్పుడు గొంతులో తుమ్మెద తిరిగినట్ల ఉండల్ల."

నేను తలుపు వెనక గొంతు మీద వేలు పెట్టుకుని అని చూశాను. తుమ్మెద తిరిగింది. తొంగిచూస్తే అత్తగారు కూడా వేలు పెట్టుకుని పెదాలు కదుపుతూ ఉంది. ఆమె అప్పుడే పసుపు దంచి వచ్చింది. ఆ రోజంతా ఆమె గొంతు మీద పసుపు వేలిముద్ర అట్లాగే ఉండింది. దాన్ని చూసి మామగారు నవ్వడం నేను మొదటిసారి విన్నాను.

ఆ మాట ఆయన్ను ఎందుకంత పట్టుకుందో తర్వాత తెలిసింది. చిక్కబళ్ళాపురంలో ఆయన కొత్తగా పనిలో చేరిన రోజుల్లో, ఎండాకాలం, ఒక తెల్ల ఇన్‌స్పెక్టరు దొర తరగతి చూడటానికి వచ్చాడట. కాసేపు కూర్చుని, రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "ఇట్ ఈజ్ వెరీ క్లోస్ ఇన్ హియర్" అన్నాడట. మూయమంటున్నాడనుకుని మామగారు లేచి తెరిచి ఉన్న కిటికీలన్నీ మూసేశారు. దొర చొక్కా గుండీ తీసుకుని మళ్ళీ అదే మాట అన్నాడు. మామగారు తలుపు కూడా మూశారు. గదిలో గాలి లేదు, ఉక్కగా ఉంది అని ఆ మాటకు అర్థమని దొర వెళ్ళిపోయిన తర్వాత గానీ ఆయనకు తెలియలేదు.

"పాపం, ఆ మనిషి ఉడికిపోయినాడు" అని ఆ కథ చెప్పి ఆయనే నవ్వేవారు. "ఆ రోజునుంచి ఆ మాట యాడ కనబడినా వదల్లేదు. పట్టుకునే కొద్దీ ఇంకో అర్థం చూపిస్తాది."

నిజంగానే వదల్లేదు. పిసినారిని క్లోస్ అనవచ్చునట. జాగ్రత్తగా చూడటాన్ని క్లోస్ అంటారట. తృటిలో తప్పిపోయిన ప్రమాదమూ క్లోసే. మంగలి కత్తి గొంతు దాకా వచ్చి పోయినట్టు అని చెప్పేవారు. సభ ముగిస్తే క్లోజ్. నియర్ అని ఇంకొక మాట ఉంది కదా, దానికీ దీనికీ తేడా ఏమిటని నేను అడిగించాను. ఆయన కాసేపు ఆలోచించి, "నియర్ అనేది కొలిచేది. క్లోస్ అనేది తగిలేది" అన్నారు. "చింతామణికి బట్లహళ్ళి నియర్. పొయ్యికి ఆ అమ్మాయి క్లోస్."

నా పొరపాట్లూ అన్నీ ఆ మాటతోనే. నా దగ్గర రెండు చీరలున్నాయి అనడానికి, రెండు చీరలు నాకు సమీపంలో నిలబడి ఉన్నట్టు రాసేదాన్ని. ఆయన కోప్పడేవారు కాదు. "మనకు కాడ ఉండాది, తావ ఉండాది, దగ్గర ఉండాది. కన్నడంలో హత్తిర ఉండాది. వాళ్ళు ఆ ఒక్కటి పెట్టుకోని దాంతోనే తలుపు కూడా మూసుకుంటాండారు. ఆ అమ్మాయి తికమక పడకపోతేనే ఆశ్చర్యం" అనేవారు. అత్తగారు ఆ మాటలను నాకు చేరవేసేటప్పుడు, "తికమక పడితే ఏం తప్పులేదంట" అని ఒక్క ముక్కలో చెప్పేది.

ఇట్లా కొన్ని సంవత్సరాలు గడిచాయి. బొంబాయి నుంచి పిలుపు రాలేదు. యుద్ధం వచ్చింది, రైళ్ళు దొరకవన్నారు. పాఠం మాత్రం ఒక్కరోజు ఆగలేదు. నాకు ఇంగ్లీషు వస్తున్న సంగతి నా భర్తకు తెలియజేయవద్దని మామగారే అన్నారు. వచ్చినప్పుడు వినిపిద్దాం, వాడే ఆశ్చర్యపోతాడు అని. ఆయనకు అందులో చిన్నపిల్లవాడి సరదా ఉండేది.

యుద్ధం ఇంకా జరుగుతుండగానే ఒక సాయంత్రం నా భర్త చెప్పాపెట్టకుండా రైలు దిగి వచ్చారు. వెంట బొంబాయి స్నేహితుడు ఒకరు. కాళ్ళు కడుక్కుని పడసాలలో కూర్చున్నారు. మామగారు తన వాలుకుర్చీలో ఉన్నారు. అత్తగారు సంతోషంతో బజ్జీలు వేయడానికి బాణలి పెట్టింది. నేను తలుపు వెనక, ఎప్పుడూ పాఠం వినే చోటనే, ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను.

కాసేపటికి స్నేహితులిద్దరూ ఇంగ్లీషులోకి దిగారు. మామగారికి ఆ భాష వచ్చునని వాళ్ళకు తెలుసు, కానీ ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, నిద్రపోతున్నారనుకున్నారేమో. వంటింట్లో ఉన్న ఆడవాళ్ళకు అర్థం కాదన్నదే వాళ్ళ ధైర్యం.

నాకు అర్థమయింది. ఆ భాష అంత బాగా అర్థం కావడం అదే మొదలు. అక్కడ ఒక గది తీసుకుని ఒకామెతో ఉంటున్నారట. అదే ఆఫీసులో టైపు కొట్టే ఆమె. ఆమెకు నెలలు నిండుతున్నాయట. పుట్టేలోగా తిరిగిపోవాలట. నేను కత్తిపీట వదిలి లేచి నిలబడ్డాను. ఇంగ్లీషు అర్థమవుతున్నందుకు సంతోషించాలో, అర్థమైన సంగతికి కూలబడాలో తెలియని స్థితి. సిగ్గుతో చెప్తున్నాను, అంత బాధలోనూ ఒక మూల "ప్రతి మాటా తెలుస్తున్నది" అనే ఆనందం ఉండింది.

అప్పుడు స్నేహితుడు అడిగాడు. "మరి ఇక్కడున్న భార్య?"

నా భర్త జవాబు చెప్పారు. సరిగ్గా అదే సమయానికి అత్తగారు బజ్జీలు నూనెలో వదిలింది. బాణలి ఒక్కసారిగా చురచురమన్నది. నాకు వినబడింది "... ఈజ్ క్లో" అన్నంత వరకే. ఆ పైన బుస వచ్చిందో, తుమ్మెద తిరిగిందో, చివర ఇంకేదైనా అక్షరం ఉందో, అంతా నూనెలో పడిపోయింది.

క్లోస్ అని ఉంటే, "ఆమె దగ్గరలోనే ఉంది, మెల్లగా మాట్లాడు" అని అర్థం. నన్ను బాధపెట్టకూడదనే జాగ్రత్త ఏదో ఒక కొస అందులో ఉన్నట్టే. క్లోజ్ అని ఉంటే, ఆ కథ మూసేశాను అని.

మామగారు కళ్ళు తెరిచారు. గొంతు పెంచలేదు. "రేయ్, తెలుగులో మాట్లాడు. ఆ బిడ్డకు ఇంగ్లీషు వస్తాది. నేనే నేర్పించినా" అన్నారు.

బాణలి చప్పుడు ఒక్కటే.

తర్వాత ఆయన వంటింటి వైపు తిరిగారు. అత్తగారి వైపు కాదు. తలుపు వైపు. "అమ్మా, ఇట్ల రా. దగ్గరికి రా" అన్నారు.

పెళ్ళై వచ్చిన తర్వాత ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. నేను వెళ్ళాలా వద్దా అని అత్తగారి ముఖం చూశాను. వాళ్ళు ఇంగ్లీషులో అన్నది ఆమెకు ఒక్క ముక్కా తెలియదు, ఏం జరిగిందో తెలియదు. అయినా చేతిలో ఉన్న బజ్జీల పళ్ళెం నాకిచ్చి, పొమ్మన్నట్టు తల ఊపింది. నేను పళ్ళెం పట్టుకుని పడసాలలోకి వెళ్ళి మామగారి కుర్చీ పక్కన నిలబడ్డాను. పళ్ళెం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నా భర్త నా ముఖం అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"ఇప్పుడు చెప్పు" అన్నారు మామగారు. "ఇంతసేపూ వాడికి చెప్పినావే, అదే ఈ అమ్మాయి ముందర చెప్పు."

"ఏమీ లేదు నాయనా" అన్నారు నా భర్త.

మరుసటి పొద్దున బండికి వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. బజ్జీలు ఎవరూ తినలేదు. ఏం జరిగిందో అత్తగారికి మామగారే చెప్పారు. ఆమె బజ్జీల పళ్ళెం తీసి పక్కన పెట్టింది. తర్వాత, "నేను బజ్జీలు వేస్తాంటినే" అన్నది. అదొక్కటే అన్నది.

ఆ రోజు పాఠం ఉండదనుకున్నాను. మామగారు ఎప్పటిలాగే కుర్చీలో కూర్చుని, "పాఠం ఉండాది" అన్నారు. అత్తగారు గడప మీద కూర్చుంది కానీ చేట పట్టలేదు. నేను తలుపు వెనకకు పోయాను. నిన్న బయటికి రమ్మన్నారు కదా, ఇక బయటనే నిలబడాలా, మళ్ళీ లోపలికి పోవాలా అని సందేహం. చివరికి తలుపుకు అటూ ఇటూ కాకుండా నిలబడ్డాను.

పాఠం సగంలో అడిగేశాను. అత్తగారి మీదుగా కాదు, నేరుగానే. "మామా, నిన్న ఆయన ఆ మాట క్లోస్ అన్నారా, క్లోజ్ అన్నారా?"

ఆయన కండువాతో కళ్ళద్దాలు తుడిచారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీసి తుడిచారు.

"నాకు వినబళ్ళేదమ్మా" అన్నారు.

నేను నమ్మలేదు. వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడు స అనాల్సిన చోట జ అంటే పట్టుకునే మనిషని ఊరంతా చెప్తుంది. కుర్చీ నాకంటే వాళ్ళకు ఎంతో దగ్గర. కానీ ఆయన అబద్ధం చెప్పగా నేను ఎన్నడూ వినలేదు. రెంటిలో ఏది నిజమో తేల్చుకోలేక నేను నిలబడి ఉండగానే, ఆయన "అది పక్కన పెట్టు. లోయర్ సెకండరీ పరీక్షకు కూర్చుంటావా?" అన్నారు.

పరీక్ష చిక్కబళ్ళాపురంలో. ఆ చిన్న రైల్లో ఇద్దరమూ వెళ్ళాము. ఆయన బెంచీకి ఆ చివర కూర్చున్నారు, నేను ఈ చివర. మధ్యలో ఒక కుటుంబం ఎక్కింది. వాళ్ళ ముసలామె నన్ను అడిగింది, "ఆయన మీ నాయనా?" అని. కాదన్నాను. "మరి ఏమవుతాడు?" అంటే, మామ అని చెప్పాను. "మీ ఆయన యాడ ఉండాడు?" అన్నది. నేను కిటికీలోంచి నంది కొండ వైపు చూస్తూ ఉండిపోయాను.

పరీక్ష జరిగే చోట గుమాస్తా కన్నడంలో అడిగాడు, ఈమె మీకేమి కావాలని. మామగారు కోడలు అనలేదు. కూతురనీ అనలేదు. "నమ్మ హుడుగి" అన్నారు. మా పిల్ల అని. గుమాస్తా కలం పట్టుకుని, అదేం చుట్టరికం అన్నట్టు ఎదురు చూశాడు. ఆ గుమాస్తా చివరికి ఏం రాసుకున్నాడో నేను చూడలేదు.

ఊళ్ళో మాటలు పుట్టాయి. కొడుకు వదిలేసిన కోడల్ని వెంటబెట్టుకుని రైళ్ళు తిరుగుతున్నాడన్నారు. ఆ మాట అత్తగారి చెవినే వేశారు. ఆమె వచ్చి చెప్పింది. మరుసటి రోజు మామగారు ఆమెనూ నన్నూ వెంటబెట్టుకుని పెద్దబజారు నడిమధ్య నుంచి నడిచి వెళ్ళి, నాకు కావలసిన కాగితాలు, సిరా కొనుక్కుని, వచ్చిన దారినే తిరిగి వచ్చారు. అంతవరకూ మేము పక్క సందులోంచి వెళ్ళేవాళ్ళం. ఆ తర్వాత ఎన్నడూ సందులోంచి వెళ్ళలేదు.

పరీక్ష గట్టెక్కాను. బాగేపల్లిలో ఆడపిల్లల బడిలో పని దొరికింది. గది కుదర్చడానికి ఆయనే వచ్చారు. మొదటి రోజు నా తరగతిలో చివర చాప మీద పిల్లల వెనక కూర్చుని పాఠమంతా విన్నారు. అయిపోయిన తర్వాత బాగుందంటారో బాగాలేదంటారో అని చూస్తున్నాను. "నువ్వు పిల్లోళ్ళకు దూరంగా నిలబడతాండావు" అన్నారు. "గోడకు ఆనుకోని చెప్తే గోడే వింటాది."

ఆ మాట మాత్రం నాకు తికమక లేకుండా అర్థమయింది. ఇప్పటికీ పాఠం చెప్పేటప్పుడు ఒక అడుగు ముందుకు వేసి నిలబడతాను.

ఆయన పోయిన రోజు సంగతికి వస్తాను. ఆయన తమ్ముడి కొడుకు కర్మ చేయడానికి సిద్ధమయ్యాడు. నా భర్తకు తంతి పోయింది, అందిందో లేదో తెలియదు. పురోహితుడు, "దగ్గరోళ్ళు ఒక్కొక్కరే రాండి, నోట్లో నాలుగు బియ్యం గింజలు వెయ్యండి" అన్నాడు. బంధువులు వరుసగా వెళ్తున్నారు. నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను. నేను వెళ్ళవచ్చునా, వెళ్తే ఏ వరుసలో అని ఎవరినైనా అడగాలంటే సిగ్గు. మూలన కూర్చున్న అత్తగారు తలెత్తి చూసింది. "పో అమ్మా. ఆయన్ను చూస్తా నిలబడుకుంటే ఎట్ల" అన్నది. వెళ్ళాను. ఆయన పెదాలు కొద్దిగా తెరిచి ఉన్నాయి, ఇంకేదో అక్షరం సరిదిద్దబోతున్నట్టు.

చివరి రోజులు ఎట్లా గడిచాయో ఆ తర్వాత అత్తగారు చెప్పింది. పళ్ళు లేక మాట సరిగ్గా వచ్చేది కాదట. "కుళోసు, కుళోసు అన్యాడమ్మా. తలుపేసినా. తల అడ్డంగా తిప్పినాడు. తీసినా. మళ్ళా తిప్పినాడు. ఏం చెయ్యల్లో తెలీలేదు. ఉక్క పోస్తాందేమోనని విసినకర్ర తీసుకున్యా. అదీ కాదు. ఊరికే మంచం పట్టె మీద కూసున్యా. అప్పుడు కండ్లు మూసుకున్యాడు. అదే అడిగినాడో, అలిసిపోయి మూసుకున్యాడో."

ఆమె నన్నే అడిగింది. "నువ్వు సదువుకున్యావు కదా. ఏమడిగినాడంటావు?"

నాకు తెలియదన్నాను.

తొమ్మిదో రోజు నా భర్త వచ్చారు. తల మీద అక్కడక్కడా నెరిసింది. వెంట ఎవరినీ తీసుకురాలేదు. తండ్రి పడుకున్న చోట చాలాసేపు కూర్చుని ఏడ్చారు. ఆ ఏడుపు నిజమైనదే. నేను ఆయన్ను ద్వేషించాలనుకుని కూడా అప్పుడు నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టాను.

మరుసటి రోజు పెరట్లో బావి దగ్గర ఎదురుపడ్డాం. "బాగుండావా?" అన్నారు. ఉన్నానన్నాను. ఇంకేమీ మాట్లాడకుండా పోతే బాగుండేది. కానీ అన్ని సంవత్సరాలు మోసిన ప్రశ్న నోటి చివరే ఉంది. అడిగాను. ఆ రోజు మీ స్నేహితుడు నా సంగతి అడిగినప్పుడు క్లోస్ అన్నారా, క్లోజ్ అన్నారా అని.

"ఏ రోజు?" అన్నారు.

"మీ స్నేహితుడితో వచ్చిన రోజు. అత్త బజ్జీలు వేసింది."

ఆయన నుదురు ముడిచి ఆలోచించారు. "బజ్జీలు గుర్తుండాయి" అన్నారు. "ఏమన్నానో గుర్తులేదు."

అబద్ధం చెప్తున్న ముఖం కాదు అది. నిజంగానే మరిచిపోయారు. నేను రాత్రీ పగలూ ఇటు తిప్పి అటు తిప్పి చూసుకున్న మాట ఆయన నోట్లోంచి వచ్చి ఆయనకే జ్ఞాపకం లేకుండా పోయింది. నాకు కోపం రావాలి. రాలేదు. నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. బొక్కెన బావిలోకి వదిలి తాడు పట్టుకుని నిలబడ్డాను. ఆయన కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయారు.

మామగారికి ఆ రోజు వినబడిందా అని అత్తగారిని అడిగాను. "ఇనబడకుండా ఉంటాదా? ఆ రాత్రంతా మేలుకోనే ఉండాడు" అన్నది. రెండు రోజుల తర్వాత మళ్ళీ అడిగితే, "ఆయనకు అప్పటికే ఒక చెవి మందం కదమ్మా, నీకు తెలీదా" అన్నది. రెండుసార్లూ అంతే నమ్మకంగా చెప్పింది.

ఆయన విని దాచారో, విననే లేదో నాకు తెలియదు. నా మీద జాలితో నేర్పారో, కొడుకు చేసిన దానికి ప్రాయశ్చిత్తంగా నేర్పారో, చెప్పకుండా ఉండలేని మేష్టరు గనుక నేర్పారో, అదీ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. ఆయన నన్ను దగ్గరికి రమ్మన్న ఆ సాయంత్రం నేను పడసాలలోకి వేసిన అడుగులే ఈ రోజు నా అన్నం. అందుకు ఆయనకు చేతులెత్తి మొక్కాలని ఉంది. ఆయన ఎదుట ఉన్నప్పుడు అది చేయడానికి నాకు వీలు చిక్కలేదు.

కర్మలు ముగిసిన తర్వాత నా భర్త తల్లిని బొంబాయి రమ్మన్నారు. "నాకు ఆ ఊరి మాట రాదు నాయనా" అని, ఆమె నా వైపు చూసింది. చిన్న మూట కట్టుకుని నాతోపాటు బాగేపల్లి బస్సెక్కింది. బొగ్గుతో నడిచే బస్సు. కొంత దూరం పోయేసరికి ఆమెకు నిద్ర పట్టి తల నా భుజం మీదికి వాలింది. అన్ని సంవత్సరాలు ఒకే ఇంట్లో ఉన్నా ఆమె తల నా మీద ఆనడం అదే మొదలు.

రోడ్డు మిట్ట ఎక్కే ఒక ఎక్కంలో బస్సు దగ్గి ఆగిపోయింది. అందరూ దిగాలని, మగవాళ్ళు తోయాలని కండక్టరు కేక వేశాడు. ఒక్కొక్కరూ దిగారు. మా దగ్గరికి వచ్చి అతను ఆగాడు. అత్తగారు నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. "మీరుండండమ్మా" అని గొంతు తగ్గించి చెప్పి దిగిపోయాడు. వెనక మగవాళ్ళు భుజాలు ఆనించి తోస్తున్నారు. రెండు పక్కలా ఉలవచేలు మెల్లమెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. ఆమె తల మీది కొంగు గాలికి జారుతుంటే ఒక చేత్తో పట్టుకుని, ఆమె ఊపిరి నా మెడకు తగులుతుంటే, ఎక్కం దాటేదాకా నేను భుజం కదపకుండా కూర్చున్నాను.